పిట్ గోడ పక్క నుంచి: ఒకే ట్రాక్, 42 సెకన్ల తేడా

చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ట్రాక్‌లో చాలా ఏళ్లు రేసు కార్లకు టైర్ల పని చూసి, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో సొంత షెడ్డు నడుపుతున్న మా శీర్షికాకారుడు ఈ నెల ల్యాప్ టైముల మీద వచ్చిన ఉత్తరాలకు జవాబిస్తున్నారు.

ప్రశ్న: సార్, బుద్ధ్ సర్క్యూట్‌లో 2017లో మెర్సిడెస్-ఏఎంజీ జీటీ ఆర్ అనే రోడ్డు కారు ఒక ల్యాప్ 2 నిమిషాల 9.853 సెకన్లలో తిరిగింది. అదే ట్రాక్‌లో 2011లో వెట్టెల్ ఎఫ్1 (ఫార్ములా 1) కారు రేసులో 1 నిమిషం 27.249 సెకన్లలో తిరిగింది. జీటీ ఆర్‌కి 585 హార్స్‌పవర్. ఎఫ్1 కారుకి 750 చుట్టూ అంటున్నారు. 165 గుర్రాలకే 42 సెకన్ల తేడా వస్తుందా? డ్రైవర్ తేడా అని నేను, ఇంజిన్ తేడా అని నా రూమ్మేట్. ఎవరు రైటు?
— మెకానికల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఇద్దరూ కాదు బాబూ. కానీ లెక్క సరైన చోట మొదలుపెట్టారు, రెండు టైములూ ఒకే ట్రాక్‌వి. చాలామందికి ఆ మాత్రం ఓపిక ఉండదు.

గ్రేటర్ నోయిడాలో ఆ ట్రాక్ పొడవు 5.125 కిలోమీటర్లు. టైముతో భాగిస్తే వెట్టెల్ సగటు గంటకు 211 కిలోమీటర్లు, జీటీ ఆర్ సగటు 142. పైగా వెట్టెల్ ఆ ల్యాప్ కొట్టింది రేసు చివరి ల్యాప్‌లో, వాడిన టైర్ల మీద. ముందురోజు క్వాలిఫైయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీలో, కొత్త టైర్లతో 1:24.178 తిప్పాడు. ఆ లెక్కన తేడా 45 సెకన్ల పైమాటే.

డ్రైవర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ జీటీ ఆర్‌ని తిప్పింది క్రిస్టియన్ హోహెనాడెల్ అనే జర్మన్ రేసర్, కొత్తవాడేం కాదు. వెట్టెల్‌నే ఆ కార్లో కూర్చోబెట్టినా ఒకటి రెండు సెకన్లు తగ్గితే గొప్ప. నువ్వూ నేనూ కూర్చుంటే మాత్రం పదిహేను సెకన్లు పెరుగుతుంది, అది వేరే కథ.

ఇక గుర్రాలు. జీటీ ఆర్ గరిష్ఠ వేగం 318 అని కంపెనీ చెప్పుకుంది. 2011 ఎఫ్1 కారు కూడా బుద్ధ్ పొడవాటి స్ట్రెయిట్ చివర ఇంచుమించు ఆ అంకె దగ్గరే ఉండేది. గరిష్ఠ వేగంలో పెద్ద తేడా లేని రెండు బళ్ల మధ్య సగటు వేగంలో 69 కిలోమీటర్ల తేడా వచ్చిందంటే, అది ఎక్కడ వచ్చిందో వెతకాలి.

బరువు చూడు. ఆ ఏడాది నిబంధనల ప్రకారం ఎఫ్1 కారు కనీస బరువు డ్రైవర్‌తో కలిపి 640 కిలోలు. జీటీ ఆర్ 1,600 కిలోల పైన. ఒక్కో గుర్రం అక్కడ కిలో లోపు లాగుతోంది, ఇక్కడ రెండున్నర కిలోల పైన లాగుతోంది. మలుపు దాటాక ఎవరు ముందు పుంజుకుంటారో దీన్ని బట్టే తెలిసిపోతుంది. అయినా ఇది జవాబులో చిన్న భాగమే.

పెద్ద భాగం మలుపుల్లో ఉంది. కాగితం తీసుకో. 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకుందాం. మంచి రోడ్డు టైరు పట్టు ఒక జీ అనుకో, అంటే కారు బరువెంతో అంత బలంతో పక్కకి పట్టి ఉంచగలదు. పట్టును 9.81తోను, వ్యాసార్ధంతోను గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు 31 మీటర్లు, గంటకు 113 కిలోమీటర్లు వస్తుంది. అంతకు మించి ఒక్క కిలోమీటరు పెంచినా కారు బయటికి జారుతుంది. అదే కారుకి గాట్లు లేని రేసు టైర్లు, అంటే స్లిక్ టైర్లు వేశావు, పట్టు ఒకటిన్నర అయింది. వేగం 138. ఇప్పుడు ముందూ వెనకా రెక్కలు, అడుగున గాలి దారులు కలిసి కారు బరువంత భారంతో దాన్ని కిందికి తొక్కుతున్నాయనుకో. కారు అసలు బరువు ఒక్క గ్రాము పెరగలేదు, టైరు మీద నొక్కుడు మాత్రం రెండింతలైంది. వేగం 195. 113 ఎక్కడ, 195 ఎక్కడ! ఈ లెక్కలో ఇంజిన్ ఎక్కడైనా వచ్చిందా?

ఎఫ్1 కారు 200 దాటిందంటే గాలి తొక్కే భారం దాని సొంత బరువును మించిపోతుంది. అందుకే బుద్ధ్‌లో 10, 11 నంబరు మలుపులు కలిసిపోయే ఆ పెద్ద కుడి వంపు దానికి వరం. జీటీ ఆర్‌కీ రెక్క ఉంది, కాదనను. అది రోడ్డు మీద నంబర్ ప్లేటుతో తిరగాల్సిన రెక్క. స్పీడ్ బ్రేకర్ దాటాలి కాబట్టి కారు నేలకి ఆనుకుని ఉండకూడదు. నేలకి ఎంత దగ్గరగా ఉంటే అడుగునుంచి అంత భారం పుడుతుంది. మన వీధుల్లో ఒక్కో స్పీడ్ బ్రేకర్‌ని చూస్తే అసలు రోడ్డు కార్లకు అడుగు మిగలడమే వింత అనిపిస్తుంది నాకు.

బ్రేకులూ అంతే. 200లో ఉన్న కారు ఒక జీతో ఆగాలంటే 157 మీటర్లు కావాలి. ఒకటిన్నర జీతో అయితే 105. ఎఫ్1 కారు ఆ వేగాల్లో నాలుగు జీల పైన ఆపుతుంది. ప్రతి పెద్ద మలుపు ముందూ అది ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంటే రోడ్డు కారు అప్పటికే బ్రేకు తొక్కేసి ఉంటుంది. 16 మలుపులు కలుపుకుంటూ పో, 42 సెకన్లు ఎక్కడివో అర్థమవుతుంది.

టైరు నా వృత్తి కాబట్టి ఇంకో నాలుగు మాటలు. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లకు పనిచేసే చోటికి, కారు రాగానే మేం మొదట చేసే పని సూది థర్మామీటరు పట్టుకుని పరిగెత్తడం. టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా రబ్బరులోకి సూది గుచ్చి వేడి రాసుకుంటాం. మధ్య ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైందని, లోపలి అంచు మరీ వేడిగా ఉంటే చక్రం వంపు ఎక్కువైందని తెలుస్తుంది. స్లిక్ రబ్బరు 80, 90 డిగ్రీల దగ్గరకొస్తేగాని పని మొదలుపెట్టదు. చల్లగా ఉన్నప్పుడు దాని మీద మలుపు తిరగడం రోడ్డు టైరుకంటే ప్రమాదం. రోడ్డు టైరు డిసెంబరు తెల్లవారుజామున అరకులోనూ, మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలోనూ, జూలై వానలోనూ పనిచేయాలి. పైగా వేల కిలోమీటర్లు మన్నాలి. అన్నింటికీ పనికొచ్చే రబ్బరు ఏ ఒక్కదానికీ పదును కాదు. బరువు ఇక్కడ మళ్లీ అడ్డొస్తుంది: టైరు మీద భారం రెండింతలైతే పట్టు సరిగ్గా రెండింతలు కాదు, కొంచెం తక్కువే వస్తుంది. అందుకే లావాటి కారు ఎంత వెడల్పు టైర్లు వేసుకున్నా మలుపులో తేలికపాటి కారుకి అప్పు పడుతూనే ఉంటుంది.

పవర్ తేడా లేకుండా చూడాలంటే పోర్షె 911 తీసుకో. 992 తరం జీటీ3 ఆర్ఎస్ నంబర్ ప్లేటున్న కారు, 525 హార్స్‌పవర్, 1,450 కిలోలు. అదే తరం జీటీ3 కప్ రేసు కారు. దానికి 510 మాత్రమే, బరువు 1,260. గుర్రాలు తక్కువున్నా మామూలు సర్క్యూట్‌లో స్లిక్‌లు వేసిన కప్ కారే ముందుంటుంది. ఇందులో ఇంకో తమాషా. రోడ్డు కారుకి లక్షలు పోసి కార్బన్-సిరామిక్ బ్రేకులు కొనుక్కోవచ్చు. జీటీ3 అనే పేరుతోనే వేర్వేరు కంపెనీల కార్లు దిగే ఒక రేసు తరగతి ఉంది, ఆ కార్లకు కార్బన్ డిస్కులు నిషేధం, ఇనుప డిస్కులతోనే నెట్టుకురావాలి.

రూమ్మేట్‌కి ఈ పేజీ చూపించు. పందెంలో బిర్యానీ ఉంటే మాత్రం చెరి సగం.

ప్రశ్న: నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నూర్బుర్గ్‌రింగ్ టైముల్లో గందరగోళంగా ఉంది. జీటీ3 ఆర్ఎస్‌కి ఒకచోట 6:44.848 అనీ, మరోచోట 6:49.328 అనీ రాస్తారు. ఏది నిజం? మెర్సిడెస్-ఏఎంజీ వన్ ఎఫ్1 ఇంజిన్ పెట్టిన కారు కదా, అది రేసు కార్లతో సమానమేనా? నా సొంత కారుతో అక్కడ టైము తీసుకోవాలని ఉంది, సలహా ఇవ్వండి.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జర్మనీ

జవాబు: రెండూ నిజమే. 2022 అక్టోబరులో యోర్గ్ బెర్గ్‌మైస్టర్ తిప్పిన ఒకే ల్యాప్ అది. నూర్బుర్గ్‌రింగ్‌లోని పాత పొడవాటి ట్రాక్ పేరు నార్డ్‌ష్లైఫే, దాని పూర్తి చుట్టు 20.832 కిలోమీటర్లు. పాత అలవాటు ప్రకారం గ్యాలరీ దగ్గర చిన్న ముక్క వదిలేసి 20.6 కిలోమీటర్లకు టైము చూసేవాళ్లు. 232 మీటర్లకు నాలుగున్నర సెకన్ల తేడా. 2019 నుంచి ట్రాక్ వాళ్లు పూర్తి చుట్టునే అధికారిక లెక్కగా తీసుకుంటున్నారు. పాత కార్ల టైములు మాత్రం పాత పొడవుతోనే పుస్తకాల్లో ఉండిపోయాయి. వాటి పక్కన కొత్త టైము పెట్టి గెలుపు ఓటములు చెప్పేవాళ్లు రకం అడక్కుండా మిర్చి ధర చెప్పేవాళ్లలాంటివాళ్లు. ఏ టైరు మీద తిప్పారన్నదీ అడగాలి. కంపెనీలు రికార్డుకి వెళ్లేటప్పుడు అమ్మకానికి ఉన్నవాటిలో అతి మెత్తటి రబ్బరు వేసుకునే వెళ్తాయి. షోరూంలో మీకిచ్చే కారుకి ఆ టైర్లు ఉండకపోవచ్చు.

ఏఎంజీ వన్ మాట చెప్పారు, నాకు అదే ఇష్టమైన ఉదాహరణ. 2024 సెప్టెంబరులో మారో ఎంగెల్ దాన్ని 6:29.090కి తిప్పాడు. రోడ్డు కార్లలో అది గొప్ప టైము. కారుకి 1,063 హార్స్‌పవర్, బరువు 1,695 కిలోలు. ఇప్పుడు 1983కి వెళ్లండి. స్టెఫాన్ బెలోఫ్ పోర్షె 956 రేసు కారుతో అదే 20.832 కిలోమీటర్లు క్వాలిఫైయింగ్‌లో 6:11.13కి చుట్టేశాడు. ఆ కారు పవర్ 620 చుట్టూ. 41 ఏళ్ల తర్వాత, 400కి పైగా ఎక్కువ గుర్రాలతో, కంప్యూటర్లతో కదిలే రెక్కలతో వచ్చిన కారు ఇంకా 18 సెకన్లు వెనకే ఉంది. 956 బరువు ఏఎంజీ వన్‌లో సగమే. దాని అడుగు భాగమంతా గాలిని పీల్చి కారును నేలకి అంటించేలా మలిచింది.

బెలోఫ్ టైము 35 ఏళ్లు నిలిచింది. 2018 జూన్ 29న టిమో బెర్న్‌హార్డ్ పోర్షె 919 హైబ్రిడ్ ఈవోతో 5:19.546 తిప్పి దాన్ని దాటాడు. దాన్ని రేసు కారు అనడానికి నాకు కొంచెం అభ్యంతరం. 919 ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసులో గెలిచిన కారే. కానీ ఈ ఈవో ఏ రేసులోనూ దిగలేదు. నిబంధనల పుస్తకం పక్కన పడేసి, 1,160 హార్స్‌పవర్‌కి పెంచి, బరువు 849 కిలోలకి దించి, గాలి భారం సగానికి పైగా పెంచి తయారుచేశారు. రేసు కార్లని అన్నిటికంటే ఎక్కువ కట్టేసేది వాటి నిబంధనలే అని దీంతో తెలిసింది. రోడ్డు కారుకీ సంకెళ్లున్నాయి, అవి వేరే: హెడ్‌లైట్లు, సైలెన్సర్, ఎయిర్‌బ్యాగులు, డిక్కీ.

మీ సొంత కారు సంగతి. పర్యాటకులకు తెరిచే గంటల్లో ఆ ట్రాక్ టోల్ రోడ్డు కిందే లెక్క. ట్రాఫిక్ చట్టం వర్తిస్తుంది, కుడివైపు నుంచి దాటకూడదు, టైము తీయడం నిషేధం. వంతెన నుంచి గ్యాంట్రీ దాకా అని మీ మిత్రులు చెప్పుకునే టైములు 19 కిలోమీటర్ల చిల్లరకే, కాబట్టి పత్రికల టైములతో పోల్చేందుకు అసలు పనికిరావు. అక్కడికి వెళ్లేముందు మీ ఇన్సూరెన్స్ పత్రం చదవండి. చాలా పాలసీలు ఆ ట్రాక్‌ని మినహాయిస్తాయి. గార్డ్‌రెయిల్‌కి కొడితే రెయిలు డబ్బు, కారు లాగిన డబ్బు, ట్రాక్ మూసిన డబ్బు కూడా మీ మీదే పడొచ్చు. మొదటిసారి అక్కడి శిక్షకుడి పక్క సీట్లో కూర్చుని ఒక చుట్టు చూడండి. 70కి పైగా మలుపులు, 300 మీటర్ల ఎత్తుపల్లాలు. శిఖరం అవతల రోడ్డు ఎటు తిరుగుతుందో తెలియకుండా యాక్సిలరేటర్ తొక్కడం ధైర్యం కిందికి రాదు.

ప్రశ్న: నూర్బుర్గ్‌రింగ్ 24 గంటల రేసులో జీటీ3 కార్లు క్వాలిఫైయింగ్‌లో 8 నిమిషాల 10 సెకన్ల చుట్టూ తిరుగుతున్నాయి. రోడ్డు కార్లేమో 6:50 లోపు. మరి రేసు కారు ఎందుకు?
— లెక్చరర్, తిరుపతి

జవాబు: ఆ రేసులో నార్డ్‌ష్లైఫేకి పక్కనున్న గ్రాండ్ ప్రి ట్రాక్‌ని కూడా కలుపుతారు. మొత్తం 25.378 కిలోమీటర్లు. నాలుగున్నర కిలోమీటర్లు ఎక్కువ, అవీ నెమ్మది మలుపులే. దీనికి తోడు అన్ని కంపెనీల కార్లూ సమానంగా ఉండాలని నిర్వాహకులు ఇంజిన్‌కి గాలి తగ్గిస్తారు, బరువు పెట్టిస్తారు.

ప్రశ్న: 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ దగ్గర కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. ట్రాక్ 2.83 కిలోమీటర్లు, మంచి ల్యాప్ 1 నిమిషం 13 సెకన్లు. సగటు 139 వస్తోంది. బుద్ధ్‌లో జీటీ ఆర్ సగటు 142 కదా. అంటే రోడ్డు కారే ఫార్ములా కారుకంటే వేగమా? మా ఆఫీసులో అందరూ అవుననే అంటున్నారు.
— బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: అమ్మా, లెక్క తప్పులేకుండా చేసి తప్పు జవాబుకి చేరడం ఎలాగో మీ ఆఫీసువాళ్లు బాగా చూపించారు. సగటు వేగం కారుది మాత్రమే కాదు, రోడ్డుది కూడా. బుద్ధ్‌లో కిలోమీటరు పొడవున స్ట్రెయిట్ ఉంది, మలుపులు వెడల్పు, తప్పితే బయట ఖాళీ జాగా ఉంది. మన ఎన్టీఆర్ మార్గ్‌లో 18 మలుపులు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, దుమ్ము, మామూలు రోజుల్లో సిటీ బస్సులు తిరిగే తారు. జీటీ ఆర్‌ని అక్కడ తిప్పిస్తేగాని అసలు పోలిక రాదు. తిప్పిస్తే అది ఫార్ములా ఈ కారు వెనకే ఉంటుందని నా నమ్మకం. డ్రైవర్‌తో కలిపి 850 కిలోల చుట్టూ ఉన్న కారు, క్వాలిఫైయింగ్‌లో 350 కిలోవాట్లు, అంటే 470 హార్స్‌పవర్. ఇరుకు మలుపుల్లోంచి అంత తేలిక బండి బయటపడే తీరు వేరు.

అయితే ఫార్ములా ఈ కారుని చూసి ఎఫ్1 కూడా ఇంతేనేమో అనుకోకండి. దానికి స్లిక్‌లు ఉండవు, వానకీ ఎండకీ ఒకటే గాట్ల టైరు. రెక్కల భారమూ తక్కువ. 2021లో మొనాకోలో రెండు రకాల కార్లూ దాదాపు ఒకే దారిలో పరిగెత్తాయి: పోల్ టైములు, అంటే క్వాలిఫైయింగ్‌లో మొదటి స్థానం తెచ్చిన టైములు, ఎఫ్1కి 1:10, ఫార్ములా ఈకి 1:31. పోలిక అంటే అది.

ఆ రోజు గెలిచిన జాన్-ఎరిక్ వెర్న్‌ని చూశారు కదా, అదృష్టవంతులు. మరుసటి ఏడాది రేసు రద్దయింది.

ప్రశ్న: మా అబ్బాయి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఇంటర్‌చేంజ్ నుంచి ఇంకో ఇంటర్‌చేంజ్‌కి టైము చూసుకుంటూ నడుపుతున్నాడు. చెబితే వినడు. మీరైనా చెప్పండి.
— ఒక తండ్రి, శంషాబాద్

జవాబు: తాళం చెవి తీసుకోండి. ట్రాక్‌లో ఎదురుగా ఎవరూ రారు, ప్రతి మలుపు దగ్గర జెండా పట్టుకుని మనిషి ఉంటాడు, అంబులెన్స్ ఇంజిన్ ఆన్‌లో ఉంటుంది. ఔటర్ మీద లారీ టైరు పేలితే ఆ ముక్క ఏ లేన్‌లో పడుంటుందో ఎవరికీ తెలియదు. వాడికి టైము చూసుకోవాలని ఉంటే కార్టింగ్‌కి పంపండి. నిజంగా చేయి ఉన్నవాడైతే అక్కడే తేలుతుంది.

ప్రశ్న: నా దగ్గర టర్బో హ్యాచ్‌బ్యాక్ ఉంది. చెన్నైలో ట్రాక్ డేకి (సొంత కారుని ట్రాక్ మీద తిప్పుకునే రోజు) వెళ్తున్నాను. రేసు కార్ల స్లిక్‌లు పాతవి తక్కువ ధరకి దొరుకుతున్నాయి. వేసుకుంటే ఎన్ని సెకన్లు తగ్గుతుంది?
— వ్యాపారి, విశాఖపట్నం

జవాబు: వేసుకోవద్దు. రేసులో ఒకసారి వేడెక్కి చల్లారి మళ్లీ వేడెక్కిన స్లిక్ గట్టిపడిపోతుంది. చూడటానికి రబ్బరు మిగిలే ఉంటుంది, పట్టు పోయి ఉంటుంది. మీ కారు సస్పెన్షన్ దాన్ని 80 డిగ్రీలకు తేనూ లేదు. రోడ్డు మీద గాట్లు లేని టైరు చట్టవిరుద్ధం, కారుకి కనీసం 1.6 మిల్లీమీటర్ల గాటు ఉండాలి. వాన పడితే చెప్పనక్కర్లేదు.

మంచి రోడ్డు టైరు కొనండి. పక్క గోడ మీద ట్రెడ్‌వేర్ అని అంకె ఉంటుంది. తక్కువ ఉంటే మెత్తన, పట్టు ఎక్కువ, త్వరగా అరుగుతుంది. మిషెలిన్‌లో పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300 ఉంటే, ట్రాక్ కోసం చేసిన కప్ 2కి 180. వేర్వేరు కంపెనీల అంకెల్ని మాత్రం పక్కపక్కన పెట్టకండి, ఎవరి పరీక్ష వాళ్లే చేసుకుంటారు.

టైర్లకంటే ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక అది 155కి పడిపోవచ్చు. శ్రీపెరుంబుదూరు ట్రాక్ 3.7 కిలోమీటర్లు. అక్కడ వరసగా గట్టిగా బ్రేకు తొక్కితే పాత ఆయిల్ మరిగి పెడల్ నేలకి దిగిపోతుంది. నా కళ్లముందు చాలా కార్లు అలాగే ఇసుకలోకి వెళ్లాయి. ప్యాడ్‌ల మందం చూపించుకోండి. నాలుగు ల్యాపులు తిప్పాక ఒక ల్యాప్ నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లారనివ్వండి. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, వేడి డిస్కుకి ప్యాడ్ అతుక్కుంటుంది. చక్రం కింద రాయి పెట్టండి.

వేడెక్కాక టైర్లలో గాలి నాలుగైదు పీఎస్ఐ పెరుగుతుంది. కొంచెం దించి నడపాల్సి వస్తుంది. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు టైర్లు చల్లారాక మళ్లీ కంపెనీ చెప్పిన అంకెకి కొట్టించండి. అక్కణ్నుంచి విశాఖ 800 కిలోమీటర్లు, అంత దూరం తక్కువ గాలితో హైవే మీద నడిపితే టైరు పక్క గోడ మాడిపోతుంది.